ఎత్తు మడి నింపుదాం - స్ట్రాబెర్రీ పెంచుదాం

చలి కొండల్లో ఎర్ర పండు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి మండలం ఉంది. ఆ మండలంలో లంబసింగి అనే ఊరు ఉంది. ఆ ఊరు సముద్రం కంటే సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. దానికి కొర్రబయలు అని మరో పేరు. చలికాలంలో అక్కడ తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుంటుంది. ఆ మంచు చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వచ్చిన వాళ్లకు అక్కడ చిన్న చిన్న పెట్టెల్లో ఎర్రని పండ్లు కనిపిస్తాయి. అవే స్ట్రాబెర్రీలు.

ఈ పండు మన దేశంలో పుట్టింది కాదు. 1714లో ఫ్రెజియే అనే ఫ్రాన్స్ దేశస్థుడు చిలీ దేశం నుంచి పెద్ద పండ్ల రకం మొక్కలను ఓడలో తన దేశానికి తెచ్చాడు. అక్కడి తోటల్లో ఆ రకం, ఉత్తర అమెరికా నుంచి వచ్చిన మరో రకం కలిశాయి. ఆ రెండింటికీ పుట్టిన బిడ్డే ఈనాటి స్ట్రాబెర్రీ. మన దేశంలో ఈ పంటకు మహారాష్ట్రలోని మహాబలేశ్వరం పేరు పొందింది. మన చింతపల్లి, లంబసింగి కొండల చలి కూడా దీనికి సరిపోయింది.

లంబసింగి వైపు ఈ మొక్కలను సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నాటుతారు. డిసెంబరు నుంచి పండ్లు కోస్తారు. ఎకరాల మీద వేసేవారు ఉన్నారు. ఇంటి పక్కన ఒక్క మడిలో కూడా వేయవచ్చు. కానీ మడి సరిగా నింపకపోతే మొక్క బతకదు. మొక్కకు పెట్టిన డబ్బు మట్టిపాలవుతుంది. అందుకని ముందు మడి సంగతి తెలుసుకోవాలి.

మొక్క గుణం తెలుసుకోవాలి

స్ట్రాబెర్రీ చిన్న మొక్క. జానెడు ఎత్తు పెరుగుతుంది. దాని వేళ్లు లోతుకు పోవు. చాలా వేళ్లు పైనున్న జానెడు మట్టిలోనే ఉంటాయి. కాబట్టి ఆ జానెడు మట్టి మంచిది కావాలి.

ఈ మొక్కకు తడి కావాలి. కానీ నీరు నిలవకూడదు. నీరు నిలిస్తే వేళ్లకు గాలి అందదు. వేళ్లు నల్లబడి కుళ్లిపోతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఈ మొక్క ఆకులన్నీ ఒకే చోట నుంచి పుడతాయి. ఆ చోటే మొక్కకు మొవ్వు. మొవ్వు సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి. మొవ్వు మట్టిలో పూడిపోతే కుళ్లిపోతుంది. మొవ్వు పైకి తేలి వేళ్లు బయటపడితే మొక్క ఎండిపోతుంది. పూడినా ముప్పే. తేలినా ముప్పే.

ఎత్తు మడి ఎందుకు?

మన్యంలో వానలు ఎక్కువ. స్ట్రాబెర్రీ నాటే రోజుల్లో కూడా వానలు పడుతుంటాయి. చదును నేలలో నాటితే వాన నీరు మొక్క మొదట్లో నిలుస్తుంది. నేల కంటే అడుగు ఎత్తున మడి కడితే నీరు కిందికి దిగిపోతుంది. మట్టి గుల్లగా ఉంటుంది. కలుపు తీయడానికి, పండు కోయడానికి వీలుగా ఉంటుంది.

మడి వేసే చోట రోజూ ఆరు గంటలైనా ఎండ పడాలి. పెద్ద చెట్టు కింద మడి వేయకూడదు. చెట్టు వేళ్లు మడిలోకి వచ్చి ఎరువంతా లాగేస్తాయి.

నేల నీరు పీలుస్తుందో లేదో ముందు చూడాలి. అడుగు లోతు గొయ్యి తీయాలి. సాయంత్రం గోతి నిండా నీరు పోయాలి. తెల్లారి చూడాలి. నీరు ఇంకిపోతే ఆ చోటు మంచిది. నీరు ఇంకా నిలిచి ఉంటే వేరే చోటు వెతకాలి.

మడి కొలతలు

ఇంటి మడికి ఈ కొలతలు సరిపోతాయి.

పొడవు: 10 అడుగులు
వెడల్పు: 3 అడుగులు
ఎత్తు: 1 అడుగు

వెడల్పు మూడు అడుగులు దాటకూడదు. అప్పుడే రెండు వైపుల నుంచీ చేయి అందుతుంది. మడిలో కాలు పెట్టే పని ఉండదు. కాలు పెడితే మట్టి గట్టిపడుతుంది.

చుట్టూ గట్టుకు ఇటుకలు కావాలనేమీ లేదు. కొండ రాళ్లు పేర్చవచ్చు. వెదురు తడక కట్టవచ్చు. వెదురు ఒకటి రెండేళ్లలో పుచ్చిపోతుంది. రాళ్లు ఎన్నాళ్లయినా ఉంటాయి. గట్టు అడుగున అక్కడక్కడా సందులు వదలాలి. ఆ సందుల్లోంచి నీరు బయటికి పోతుంది.

సంఘంలో మాట

ఒక పల్లెలో పదిమంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఉందనుకుందాం. తలా ఒక మడి వేయాలని అందరూ అనుకున్నారు. మొక్కల కోసం సంఘం డబ్బు నుంచి అప్పు తీసుకున్నారు. పంట అమ్మాక ఆ అప్పు తీర్చాలి. ఆ రోజు మడి నింపడం గురించి మాట వచ్చింది.

సంఘంలో అందరికంటే పెద్దావిడను అందరూ పెద్దమ్మ అంటారు. పెద్దమ్మ అడిగింది:

"అడుగున రాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుంది కదే?"

సంఘం పుస్తకాలు రాసే అమ్మాయి చెప్పింది:

"లేదు పెద్దమ్మా. ఉతికిన చీర దండెం మీద ఆరేస్తాం కదా! ఏ అంచు ముందు ఆరుతుంది?"

"పై అంచు. కింది అంచు చివరిదాకా తడిగానే ఉంటుంది."

"మట్టీ అంతే. మట్టి తన అడుగు భాగంలో నీరు పట్టి ఉంచుతుంది. మట్టి కింద రాళ్లుంటే నీరు ఆ రాళ్ల మీదే ఆగుతుంది. మట్టి నిండా నానితేగానీ రాళ్లలోకి దిగదు. అదే మట్టి, కింది నేల ఒకటిగా కలిసిపోతే నీరు తిన్నగా భూమిలోకి పోతుంది. అందుకే రాళ్లు వద్దు. అడుగున ప్లాస్టిక్ పట్టా కూడా వద్దు."

ఇంకొకామె అడిగింది:

"మా ఇంటి ముందు పెంటకుప్ప ఉంది. నిన్న మొన్నటి పేడే. అది పోసేస్తే మడి ఊరికే నిండిపోతుంది కదా?"

పెద్దమ్మ వెంటనే అడ్డుకుంది:

"పచ్చి పేడ ఏ మొక్కకూ పనికిరాదే! లోపల వేడి పుడుతుంది. వేళ్లు మాడిపోతాయి. వేరు పురుగు కూడా పేడలోంచే వస్తుంది. ఆరు నెలలు మాగిన గెత్తం కావాలి."

ఈ మాట అందరికీ నచ్చింది. పెద్దమ్మకు చదువు రాదు. పుస్తకాలు రాసే అమ్మాయికి గెత్తం మాగబెట్టిన అనుభవం లేదు. ఇద్దరి తెలివీ కలిస్తేనే మడి నిండుతుంది.

మడిలో ఏం పోయాలి?

1. మంచి మట్టి. పిడికెడు తడి మట్టి తీసి గట్టిగా పిసకాలి. చేయి తెరవగానే రాలిపోతే అది ఇసుక మట్టి. ముద్ద కట్టి, వేలితో తాకగానే విడిపోతే అది మంచి మట్టి. లడ్డూలా నిలిచి, ఎంత నొక్కినా విడిపోకపోతే అది బంక మట్టి. ఎర్రని గుల్ల మట్టి స్ట్రాబెర్రీకి మంచిది.

టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప పండించిన చోటు నుంచి మట్టి తేకూడదు. వాటికి వచ్చే ఎండు తెగులు మట్టిలో దాగి ఉంటుంది. అది స్ట్రాబెర్రీకి కూడా అంటుకుంటుంది.

2. మాగిన గెత్తం. మాగిన గెత్తం నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. చేయి పెడితే వేడి తగలదు. పేడ వాసన రాదు. వాన తర్వాతి మట్టి వాసన వస్తుంది. అలా లేకపోతే ఇంకా మాగలేదని అర్థం.

3. ఆకు ఎరువు. రాలిన ఆకులు గోతిలో వేసి మాగబెట్టాలి. ఆకు రూపం పోయి, నల్లని పొడి కావాలి. పచ్చి ఆకు, ఎండు ఆకు, రంపపు పొట్టు అలాగే వేయకూడదు. అవి మట్టిలో మాగేటప్పుడు మొక్కకు దక్కాల్సిన సత్తువ లాగేసుకుంటాయి.

4. ఏటి ఇసుక. ఇది మట్టిని గుల్ల చేస్తుంది. సముద్రపు ఇసుక వాడకూడదు. అందులో ఉప్పు ఉంటుంది. స్ట్రాబెర్రీ ఉప్పును అసలు ఓర్చుకోదు. మట్టి బంకగా ఉంటే ఇసుక తగ్గించి, ఆకు ఎరువు పెంచాలి.

ఏం పోయకూడదు?

పొయ్యి బూడిద పోయకూడదు. సున్నం వేయకూడదు. ఆకుకూరల మడిలో బూడిద చల్లే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఇక్కడ అది పనికిరాదు. స్ట్రాబెర్రీకి కొంచెం పులుపు గుణం ఉన్న మట్టి కావాలి. బూడిద, సున్నం ఆ పులుపును చంపేస్తాయి.

భూసార పరీక్ష కాగితంలో పి.హెచ్. అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె 7 ఉంటే మట్టి మధ్యరకం. 7 కంటే తక్కువ ఉంటే పులుపు. 7 కంటే ఎక్కువ ఉంటే చవుడు వైపు. స్ట్రాబెర్రీకి ఈ అంకె 5.5 నుంచి 6.5 వరకు ఉండాలి. ఇంట్లో ఆ కాగితం ఉంటే తీసి చదవాలి. లేకపోతే నాలుగైదు చోట్ల మట్టి తీసి కలిపి, అందులో అరకిలో వ్యవసాయ శాఖ వారికి ఇచ్చి పరీక్ష చేయించుకోవాలి.

డబ్బాల లెక్క

మడికి ఎంత మట్టి కావాలి? లెక్క కడదాం.

పొడవు 10 × వెడల్పు 3 × ఎత్తు 1 = 30 ఘనపుటడుగులు.

ఘనపుటడుగు అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒక్కో అడుగు ఉన్న పెట్టె పట్టేంత. 15 లీటర్ల డబ్బాలు రెండు పోస్తే సుమారు ఒక ఘనపుటడుగు అవుతుంది.

30 × 2 = 60 డబ్బాలు.

కానీ 60 డబ్బాలు చాలవు. నీరు తగిలాక మట్టి కుంగుతుంది. కాబట్టి మరో 12 డబ్బాలు కలుపుకోవాలి.

60 + 12 = 72 డబ్బాలు.

అందులో:

మట్టి - 36 డబ్బాలు
మాగిన గెత్తం - 18 డబ్బాలు
ఆకు ఎరువు - 9 డబ్బాలు
ఏటి ఇసుక - 9 డబ్బాలు
మొత్తం - 72 డబ్బాలు

ఈ లెక్క ముందే కాగితం మీద రాసుకోవాలి. లెక్క తెలియకపోతే ట్రాక్టరు వాడు చెప్పిందే వినాలి. అవసరానికి మించి మట్టి తోలించుకుంటే డబ్బు దండగ. తక్కువైతే చివర్లో ఏ మట్టి దొరికితే అది పోసేస్తారు. అక్కడే మడి చెడిపోతుంది.

ఇంకో లెక్క కూడా చూడాలి. ఒక డబ్బా నిండా మట్టి సుమారు 20 కిలోల బరువు ఉంటుంది. 72 డబ్బాలూ కలిపి టన్ను పైనే అవుతుంది. ఇంత బరువు ఒక్క మనిషి తల మీద పడకూడదు. సగం డబ్బా చొప్పున మోయాలి. రెండు మూడు రోజుల్లో పంచుకుని చేయాలి. ఇంట్లో మగవాళ్లు కూడా చేయి వేయాలి. పండు అందరూ తింటారు. మట్టి కూడా అందరూ మోయాలి.

మడి నింపే పద్ధతి

మొదటి పని: గట్టు లోపలి నేలను గునపంతో అరడుగు లోతు గుల్ల చేయాలి. తుంగ గడ్డలు, గరిక వేళ్లు ఏరి పారేయాలి. ఒక్క తుంగ గడ్డ మిగిలినా మడి అంతా పాకుతుంది.

రెండో పని: అన్నీ బయటే కలుపుకోవాలి. చదును నేల మీద రెండు డబ్బాల మట్టి, ఒక డబ్బా గెత్తం, అర డబ్బా ఆకు ఎరువు, అర డబ్బా ఇసుక పోయాలి. పారతో మూడుసార్లు తిరగెయ్యాలి. రంగు అంతటా ఒకేలా రావాలి. ఇలా 15 సార్లు కలిపితే 60 డబ్బాలు అవుతాయి. మిగిలిన 12 డబ్బాల సరుకు కూడా మూడుసార్లు కలిపి విడిగా ఉంచుకోవాలి.

మూడో పని: బెత్తెడు మందాన మడిలో పోయాలి. చేత్తో చదును చేయాలి. చిల్లుల డబ్బాతో నీరు చల్లాలి. తర్వాత మరో బెత్తెడు పోయాలి. మళ్లీ నీరు చల్లాలి. ఇలా గట్టు అంచు దాకా నింపాలి. కాళ్లతో తొక్కకూడదు.

మట్టి బురదగా ఉన్నప్పుడు ఈ పని చేయకూడదు. బురద మట్టి ఆరితే ఇటుకలా గట్టిపడుతుంది. వాన తెరిపి ఇచ్చి, మట్టి చేతికి అంటకుండా ఉన్నప్పుడు నింపాలి.

నాలుగో పని: పైభాగం నడుమ కొంచెం ఎత్తుగా ఉంచాలి. తాబేలు డిప్పలా ఉండాలి. అప్పుడు వాన నీరు రెండు పక్కలకు జారిపోతుంది.

ఐదో పని: ఆగాలి. ఇదే అన్నిటికంటే ముఖ్యం. మూడు వారాలు ఆగాలి. రెండు రోజులకోసారి నీరు పెట్టాలి. వాన పడితే అక్కర్లేదు. మడి కుంగుతుంది. కుంగినంత మేర ముందు ఉంచుకున్న మట్టి కలిపి పోయాలి. కలుపు మొలిస్తే పీకేయాలి. మడి ఇక కుంగడం లేదని తెలిశాకే మొక్క నాటాలి.

మడి కుంగిందో లేదో ఎలా తెలుస్తుంది? గట్టు లోపలి వైపు మట్టి మట్టానికి బొగ్గుతో గీత గీయాలి. వారం తర్వాత చూడాలి. మట్టి గీత దగ్గరే ఉంటే మడి నిలబడినట్టు. గీత కంటే కిందికి దిగితే ఇంకా ఆగాలి.

తొందరపడితే ఏమవుతుంది?

ఆ సంఘంలో ఇద్దరు పక్కపక్క ఇళ్లవాళ్లు. ఒకరినొకరు వదినా, మరదలా అని పిలుచుకుంటారు. మరదలు ఆగస్టు చివర్లోనే మడి నింపింది. వదినకు కూలి పనులు తెమలలేదు. ఆమె మడి నింపిన మర్నాడే మహారాష్ట్ర నుంచి మొక్కలు వచ్చాయి.

మరదలు చెప్పింది:

"వదినా, మడి ఇంకా కుంగలేదు. ఇప్పుడే నాటొద్దు."

"మొక్కలు వచ్చేశాయి కదే! ఎన్నాళ్లు ఉంచుతాను? చచ్చిపోవూ?"

"కవర్లలో మట్టి పోసి, అందులో పెట్టి నీడన ఉంచుదాం. రోజూ కాస్త నీళ్లు చల్లుదాం."

"ముప్పై కవర్లు, మళ్లీ ముప్పై సార్లు తియ్యడం! నాకు ఓపిక లేదమ్మా."

వదిన ఆ సాయంత్రమే 30 మొక్కలూ నాటేసింది. పది రోజుల్లో రెండు పెద్ద వానలు పడ్డాయి. మడి రెండు అంగుళాలు కుంగింది. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ కుంగింది. కొన్ని మొక్కల వేళ్లు బయటికి తేలాయి. వదిన కంగారుపడి, పైన కొత్త మట్టి పోసింది. ఆ మట్టి కింద మొవ్వులు పూడిపోయాయి. మరో పది రోజులకు ఆకులు వాడాయి. పట్టుకుంటే మొవ్వు చేతిలోకి ఊడి వచ్చింది. మొత్తం 12 మొక్కలు పోయాయి.

వదిన గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

"నా డబ్బయితే పోనీ అనుకుందును. ఇది సంఘం డబ్బు. ఎలా తీర్చేది?"

మరదలు ఆమె పక్కన కూర్చుంది. దెప్పిపొడవలేదు. ఇద్దరూ కలిసి మిగిలిన 18 మొక్కలను మట్టిగడ్డతో సహా జాగ్రత్తగా తీశారు. తడి గోనె మీద నీడన పెట్టారు. మడి చదును చేసి, నీరు పెట్టారు. ఆ మొక్కలను నాలుగు రోజులు కవర్లలో ఉంచారు. మడి నిలబడిందని గీత చూసుకున్నారు. అప్పుడు మొవ్వు మట్టానికి వచ్చేలా మళ్లీ నాటారు. ఆ 18 మొక్కలూ నిలిచాయి. పండ్లు మాత్రం అందరికంటే ఆలస్యంగా వచ్చాయి.

ఈ సంగతి సంఘంలో చర్చకు వచ్చింది. తప్పు వదిన ఒక్కదానిదే కాదని పెద్దమ్మ అంది. "మొక్కలు ఎప్పుడు వస్తాయో మనం ముందు కనుక్కోలేదు. ఆమె మడి నిండిందో లేదో మనలో ఎవరూ వెళ్లి చూడలేదు" అంది. సంఘం రెండు తీర్మానాలు రాసుకుంది.

ఒకటి: మొక్కలకు డబ్బు కట్టే ముందే మడి నిండి ఉండాలి. ఇద్దరు సభ్యులు వెళ్లి గీత చూసి రావాలి.

రెండు: కూలి పనుల వల్ల తెమలని వాళ్ల మడిని సంఘం అంతా కలిసి ఒక రోజు నింపాలి.

ఆ తీర్మానాల కింద పదిమందీ సంతకాలు చేశారు. వేలిముద్ర ఒక్కటే ఉంది. అది పెద్దమ్మది. "వచ్చే ఏడాదికి నేనూ సంతకమే చేస్తాను" అని పెద్దమ్మ నవ్వింది.

నాటడం, కప్పడం, నీరు పెట్టడం

మడిలో మూడు వరుసలు వేయాలి. వరుసకు వరుసకు అడుగు దూరం ఉండాలి. మొక్కకు మొక్కకు కూడా అడుగు దూరం ఉండాలి. వరుసకు 10 మొక్కలు. మూడు వరుసలకు 30 మొక్కలు.

సాయంత్రం పూట నాటాలి. వేళ్లు మడత పడకుండా కిందికి పరవాలి. మట్టి నొక్కాక మొవ్వు చూడాలి. సరిగ్గా మట్టి మట్టానికి ఉందా? లేకపోతే అప్పుడే సరిచేయాలి. మొదటి నెలలో వచ్చిన పూలు తుంచేయాలి. మొక్క ముందు బలం పుంజుకోవాలి.

పండు మట్టికి తగిలితే కుళ్లిపోతుంది. అందుకని మొక్కల చుట్టూ ఎండు వరిగడ్డి పరవాలి. మొవ్వు మీద గడ్డి పడకూడదు. పెద్ద తోటల్లో గడ్డికి బదులు ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. ఇంటి మడికి గడ్డి చాలు. చెదలు పట్టకుండా చూసుకోవాలి.

నీరు ఉదయం పూట పెట్టాలి. ఆకుల మీద కాకుండా మొదట్లో పోయాలి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి చూడాలి. తడి తగిలితే ఆ రోజు నీరు అక్కర్లేదు. పొడిగా ఉంటే పెట్టాలి.

మడి పుస్తకం

ప్రతి మడికీ ఒక చిన్న పుస్తకం పెట్టుకోవాలి. అందులో నాలుగు సంగతులు రాయాలి. ఏ తేదీన ఏ పని చేశారు? ఏ సరుకు ఎన్ని డబ్బాలు పోశారు? ఎంత ఖర్చయింది? ఎన్ని పండ్లు కోశారు? ఒక ఏడాది రాస్తే మరుసటి ఏడాదికి దారి తెలుస్తుంది. అప్పు లెక్క కూడా అందులోనే ఉంటుంది. ఎవరూ తప్పు లెక్క చెప్పలేరు.

గుర్తుంచుకోవలసినవి

• అడుగున రాళ్లు, ప్లాస్టిక్ పట్టా వేయకూడదు.
• పచ్చి పేడ, బూడిద, సున్నం పోయకూడదు.
• రెండు పాళ్లు మట్టి, ఒక పాలు మాగిన గెత్తం, ఒక పాలు ఆకు ఎరువు, ఇసుక కలపాలి.
• మడి కుంగిన తర్వాతే మొక్క నాటాలి.
• మొవ్వు మట్టి మట్టానికి ఉండాలి.

కొత్త మాటలు

మొవ్వు - ఆకులన్నీ పుట్టే చోటు
గెత్తం - మాగిన పశువుల ఎరువు
బెత్తెడు - నాలుగు వేళ్ల వెడల్పు
తీర్మానం - అందరూ కలిసి చేసుకున్న నిర్ణయం

చదివి జవాబులు చెప్పండి

1. స్ట్రాబెర్రీకి ఎత్తు మడి ఎందుకు కావాలి?
2. చీర ఆరేసిన ఉదాహరణతో ఆ అమ్మాయి ఏం చెప్పింది?
3. గెత్తం మాగిందని ఎలా తెలుసుకోవాలి?
4. వదిన మడిలో మొక్కలు ఎందుకు పోయాయి? ఆమె ఏం చేసి ఉంటే బాగుండేది?
5. సంఘం చేసిన రెండు తీర్మానాలు మీ మాటల్లో రాయండి.

లెక్క చేయండి

1. ఒక మొక్క ధర 15 రూపాయలు అనుకుందాం. 30 మొక్కలకు ఎంత?
2. వదిన మడిలో 12 మొక్కలు పోయాయి. ఆమెకు ఎన్ని రూపాయల మొక్కలు నష్టం?
3. ఒక్కో మొక్కకు పావుకిలో పండ్లు వస్తాయనుకుందాం. మరదలి 30 మొక్కలకు ఎన్ని కిలోలు? వదిన 18 మొక్కలకు ఎన్ని కిలోలు?
4. మీ పెరట్లో 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 1 అడుగు ఎత్తు మడి కట్టాలి. ఎన్ని ఘనపుటడుగులు? ఎన్ని డబ్బాలు?

చేసి చూడండి

మీ ఇంటి దగ్గర మూడు చోట్ల నుంచి మట్టి తెండి. తడిపి పిసికి చూడండి. ఏది మంచి మట్టి, ఏది ఇసుక మట్టి, ఏది బంక మట్టి అని కాగితం మీద రాయండి. రాసిన కాగితం మీ సంఘంలో చదివి వినిపించండి.